రెండు దిర్హమ్‌లు, పదిహేను రోజులు

చిన్న వ్యాపారం చేసుకునే మన సోదరులలో ఎవరినైనా, ‘వచ్చే ఏడాదికి మీ దుకాణం ఏ స్థితికి చేరాలని అనుకుంటున్నారు?’ అని అడిగి చూడండి. ఎక్కువమంది చెప్పే సమాధానం ఒక్కటే: ‘ఏముంది మౌలానా సాబ్, అల్లాహ్ దయతలిస్తే నాలుగు డబ్బులు మిగలాలి.’ ఆ మాటలో వినయముంది, విశ్వాసముంది. అయితే ఆ నాలుగు డబ్బులు ఎన్ని, ఎప్పటికి మిగలాలి, మిగిలినవి దేనికి వినియోగపడాలి అన్న మూడు ప్రశ్నలకు అందులో జవాబు లేదు. జవాబు లేనందువల్లనే ఏడాది పొడుగునా సరుకు వస్తూ పోతూ ఉంటుంది, గల్లాపెట్టెలో డబ్బు ఆడుతూనే ఉంటుంది. తీరా అమ్మాయి పెళ్లి దగ్గరపడినప్పుడో, అబ్బాయి కాలేజీ ఫీజు కట్టవలసి వచ్చినప్పుడో ఇతరుల ముందు చేయి చాచవలసి వస్తుంది.

చిన్న వ్యాపారికి లక్ష్యం ఎలా ఉండాలి, దానిని ఎలా నిర్ణయించుకోవాలి అన్నది ఈ నెల మన విషయం.

తవక్కుల్‌కు విరుద్ధమా?

‘రేపటి సంగతి అల్లాహ్‌కే తెలుసు. ఇంత సంపాదించాలని ముందే లెక్కలు వేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదా?’ అని కొందరు సందేహిస్తారు. సూరయె యూసుఫ్‌ను అర్థంతో చదివినవారికి ఈ సందేహం మిగలదు. ఈజిప్టు రాజు కన్న కలకు హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) భావం చెప్పి ఊరుకోలేదు. దానితోపాటు ఒక దేశానికి చాలినంత ప్రణాళిక కూడా చెప్పారు. ఏడేళ్లు ఎడతెగక సేద్యం చేయాలి. పండిన దానిలో తినడానికి కావలసిన కొద్ది ధాన్యం తప్ప మిగిలినది వెన్నులతోనే నిల్వ ఉంచాలి. తరువాత వచ్చే ఏడు కరువు సంవత్సరాలలో ఆ నిల్వను వాడుకోవాలి. అప్పుడు సైతం కొంత భాగం దాచి ఉంచాలి. చేయవలసిన పని, దాని పద్ధతి, గడువు, ఆపదకు దాచే భాగం అన్నీ అందులో ఉన్నాయి. ఒక దైవప్రవక్త నోట వెలువడిన ప్రణాళిక అది. తవక్కుల్‌లో ఆయనను మించినవారు మనలో ఎవరున్నారు?

రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు ‘ఇన్షా అల్లాహ్’ అనమని సూరయె కహఫ్ మనకు నేర్పింది. లెక్క వేయకుండా తప్పించుకోవడానికి ఆ మాటను వాడుకోకూడదు. వేసిన లెక్క కింద దాసుడు పెట్టే సంతకం వంటిది ఆ మాట.

గొడ్డలి కొన్న అన్సారీ

లక్ష్య నిర్ణయం గురించి నేటి వ్యాపార గ్రంథాలు వందల పుటలలో చెప్పే విషయాన్ని ఒక్క సంఘటనలో చూపే హదీసు ఉంది. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనగా సుననె అబూదావూద్‌లో, ఇబ్నెమాజాలో అది కనిపిస్తుంది. దాని సనద్ విషయంలో హదీసువేత్తలు చర్చ చేశారు. అయినా యాచన మాన్పించి శ్రమకు పురికొల్పే సందర్భంలో మన పెద్దలు దానిని తరతరాలుగా బోధిస్తూ వచ్చారు.

అన్సారులలో ఒక పేదవ్యక్తి సహాయం కోరుతూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చాడు. ఇంట్లో ఏమైనా ఉందా అని ప్రవక్త (స) విచారించారు. కొంత కప్పుకొని కొంత పరచుకొనే ఒక ముతక దుప్పటి, నీళ్లు తాగే ఒక చెక్క పాత్ర ఉన్నాయని అతను విన్నవించుకున్నాడు. వాటిని తెప్పించి, అక్కడున్నవారి మధ్య స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తామన్నారు. అంతకు మించి ఇచ్చేవారెవరని మళ్లీ మళ్లీ అడగగా, మరొకరు రెండు దిర్హమ్‌లకు కొన్నారు. ఆ రెండింటిని అతని చేతికిచ్చి, ఒకదానితో ఇంటివారికి ఆహారం, రెండవదానితో ఒక గొడ్డలి కొనుక్కు రమ్మన్నారు. తెచ్చిన గొడ్డలికి తన చేతులతోనే పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, పదిహేను రోజుల వరకు తనకు కనిపించవద్దని చెప్పి పంపారు. గడువు ముగిసి అతను తిరిగి వచ్చేసరికి పది దిర్హమ్‌లు సంపాదించాడు. వాటిలో కొంతతో బట్టలు, కొంతతో ఆహారపదార్థాలు కొనుక్కున్నాడు.

ఈ సంఘటనను యాచన నిషిద్ధమని చెప్పడానికే మనం సాధారణంగా ఉదహరిస్తాం. ఒక చిన్న వ్యాపారి కంటితో మరోసారి చదవండి. ఉన్నదెంతో లెక్క చూడటం, ఇంటి సొమ్మును పెట్టుబడి నుంచి వేరు చేయడం, ఒకే పనిని ఎంచుకోవడం, గడువు పెట్టడం, గడువు తీరాక వచ్చి చూపడం అనే అయిదు మెట్లు అందులో వరుసగా కనిపిస్తాయి. ‘ధనవంతుడివి కా’ అని అతనికి ఎవరూ చెప్పలేదు. పదిహేను రోజులు చేయగలిగిన పని ఒకటి చెప్పారు.

ఇంటి దిర్హమ్ వేరు, గొడ్డలి దిర్హమ్ వేరు

మన దుకాణాలలో అన్నిటికంటే ఎక్కువగా తప్పే మెట్టు రెండవది. ఉదయం టోకు వ్యాపారికి కట్టవలసిన సొమ్ము మధ్యాహ్నం కూరగాయలకు పోతుంది. సాయంత్రం బంధువుల ఇంటి దావత్‌కు కానుకవుతుంది. అది దొంగతనం కాదు, దుబారా కూడా కాకపోవచ్చు. కాని గొడ్డలి కొనవలసిన దిర్హమ్‌ను వండుకు తిన్నట్లే. రేపు కట్టెలు కొట్టడానికి చేతిలో ఏమీ మిగలదు.

దీనికి మందు చాలా తేలిక. యజమాని తన దుకాణం నుంచి నెలకు ఇంత అని జీతం తీసుకోవాలి. నెల మొదటి తేదీన ఆ సొమ్ము ఇంటికి వెళ్లాలి. ఆ తరువాత గల్లాపెట్టె మీద ఇంటికి హక్కు ఉండకూడదు. మొదటి రెండు మూడు నెలలు కష్టంగానే ఉంటుంది. అప్పుడే ఇల్లు ఎంతలో నడుస్తోందో, దుకాణం నిజంగా ఎంత ఇస్తోందో మొదటిసారి తెలిసివస్తుంది.

అవసరం నుంచి అమ్మకానికి

లక్ష్యమంటే చాలామంది అమ్మకాల అంకె చెబుతారు. ‘ఈ ఏడాది పాతిక లక్షల వ్యాపారం చేయాలి’ అంటారు. అమ్మకం పెరిగి లాభం తగ్గే సంవత్సరాలు ఉంటాయన్నది అనుభవమున్న ప్రతి వర్తకుడికీ తెలుసు. లెక్కను అవసరం దగ్గర మొదలుపెట్టి అమ్మకం వరకు తీసుకురావడమే సరైన మార్గం.

ఒక పట్టణంలో చిన్న రెడీమేడ్ దుస్తుల దుకాణం ఉందనుకుందాం. యజమాని ఇంటికి నెలకు 20,000 రూపాయలు కావాలి. దుకాణం అద్దె 7,000, కరెంటు 1,500, పనిచేసే కుర్రవాడి జీతం 8,000, రవాణా, సంచులు, టీ ఖర్చులు 1,500, మొత్తం 18,000. దుకాణం పెట్టేటప్పుడు బావమరిది వద్ద తీసుకున్న కర్జె హసనా 60,000 ఇంకా ఉంది. దానిని ఏడాదిలో తీర్చాలంటే నెలకు 5,000. జకాత్‌కు, ఆపద్ధనానికి కలిపి నెలకు 2,000. అన్నీ కలిపితే 45,000.

ఇప్పుడు రెండవ ప్రశ్న. నూరు రూపాయలకు అమ్మిన సరుకులో మిగిలేదెంత? 75కు కొని 100కు అమ్మితే 25 మిగులుతుంది. నెలకు 45,000 మిగలాలంటే 1,80,000 రూపాయల సరుకు అమ్మాలి. నెలలో 26 రోజులు దుకాణం తెరిస్తే రోజుకు దాదాపు 7,000. ఒక్కొక్కరు సగటున 500 రూపాయల సరుకు కొంటే, రోజుకు 14 మంది కొనుగోలుదారులు.

‘నాలుగు డబ్బులు మిగలాలి’ అన్న కోరిక ఇప్పుడు ‘రోజుకు పద్నాలుగు మంది’ అన్న లక్ష్యంగా మారింది. సాయంత్రం ఇషా నమాజుకు షట్టరు దించే వేళ, ఈ రోజు పద్నాలుగు మంది వచ్చారా, తొమ్మిది మందే వచ్చారా అన్నది దుకాణంలోని కుర్రవాడు సైతం చెప్పగలడు. ఆ విధంగా రోజూ సరిచూసుకోవడానికి వీలున్నదే లక్ష్యం.

ఇదే లెక్క మరొక ప్రమాదాన్ని కూడా చూపుతుంది. ఎదుటి దుకాణం వాడు తగ్గింపు ఇస్తున్నాడని మనమూ అన్ని బట్టలపై నూటికి పది తగ్గించామనుకోండి. నూరు రూపాయల చొక్కా 90కి పోతుంది. కొన్న ధర మాత్రం 75 గానే ఉంది. మిగిలేది 15. పదిశాతమే తగ్గించామని మనం అనుకుంటాం. నిజానికి లాభంలో నూటికి నలభై వదులుకున్నాం. ఇప్పుడు అదే 45,000 మిగలాలంటే నెలకు 2,70,000 అమ్మాలి. 500 కొనే మనిషి ఇప్పుడు 450 ఇస్తాడు కనుక రోజుకు 14 మంది స్థానంలో 23 మంది కావాలి. ఆ తొమ్మిది మంది అదనంగా వస్తారని నమ్మకముంటే తగ్గించండి. లేకుంటే ఒక్క పాతసరుకుపై మాత్రమే తగ్గించి, కొత్తసరుకు ధర నిలబెట్టుకోండి.

కొన్న ధరపై నూటికి ఇరవై అయిదు వేసుకొని, అమ్మకంపై ఇరవై అయిదు మిగులుతోందని భ్రమపడేవారు కూడా ఉన్నారు. 75పై ఇరవై అయిదు శాతం వేస్తే అమ్మకపు ధర 94 అయినా కాదు. అమ్మకంలో మిగిలేది నూటికి ఇరవై మాత్రమే. ఈ ఒక్క తేడా వల్ల నెలకు 45,000 రూపాయల అమ్మకం అదనంగా చేయవలసి వస్తుంది.

ఇంటివద్ద కుట్టుపని, పచ్చళ్లు, తినుబండారాలు చేసి అమ్ముకునే సోదరీమణులకూ ఇదే కొలమానం. వారు సాధారణంగా వస్త్రం, నూనె, కారం ధరలు లెక్కిస్తారు గాని తమ చేతి కష్టానికి కూలి వేసుకోరు. మీరు చేసే పనికి మరొకరిని పెట్టుకుంటే ఎంత ఇవ్వవలసి వస్తుందో అంత కూలి మీ లెక్కలో రాసుకోండి. హజ్రత్ ఖదీజా (రజి) తన సరుకును లాభంలో భాగం నిర్ణయించి సిరియా వర్తకానికి పంపిన వర్తకురాలు. లెక్కను సిగ్గుపడవలసిన విషయంగా భావించే సంప్రదాయం మనది కాదు.

ఏ నెలను ఏ నెలతో పోల్చాలి?

గడువు విషయంలో మన బజార్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బట్టలు, చెప్పులు, గాజులు, అత్తరు, సేమ్యా, ఖర్జూరం అమ్మేవారికి ఏడాది వ్యాపారంలో పెద్దభాగం రమజాన్ నెలలోనే జరుగుతుంది. బ్యాంకు, పన్ను, అద్దె లెక్కలన్నీ ఇంగ్లీషు నెలల ప్రకారం నడుస్తాయి. రమజాన్ మాత్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది.

మన దేశంలో ఈదుల్ ఫిత్ర్ 2023లో ఏప్రిల్ 22న, 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. ఏప్రిల్ నుంచి మార్చి వరకు సాగే ఆర్థిక సంవత్సరంలో ఈ తేదీలను ఉంచి చూడండి. 2024-25 ఆర్థిక సంవత్సరంలో రెండు ఈదులు పడ్డాయి! ఏప్రిల్ ఆరంభంలో ఒక పండుగ చివరి పదిరోజుల రద్దీ, మార్చిలో మరొక పండుగ పూర్తి వ్యాపారం. ఆ సంవత్సరపు ఖాతా చూసి ‘వ్యాపారం పెరిగింది’ అని దుకాణం విస్తరించినవాడు, కొత్త గది అద్దెకు తీసుకున్నవాడు పొరపాటు పడ్డాడన్నమాట. అదే విధంగా 2023 ఏప్రిల్‌తో 2025 ఏప్రిల్‌ను పోల్చి ‘వ్యాపారం పడిపోయింది’ అని దిగులు చెందినవాడూ పొరపాటు పడ్డాడు. మొదటి ఏప్రిల్‌లో రమజాన్ ఉంది. రెండవ ఏప్రిల్‌లో లేదు.

కనుక మన ఖాతాపుస్తకంలో ఇంగ్లీషు తేదీ పక్కన హిజ్రీ నెల కూడా రాసుకోవాలి. రమజాన్‌ను రమజాన్‌తో, షవ్వాల్‌ను షవ్వాల్‌తో పోల్చాలి. పెళ్లిళ్ల బేరం గలవారు షవ్వాల్ నెలను, ముహర్రమ్ నెలను వేరుగా గుర్తించుకోవాలి. రోజుకు పద్నాలుగు మంది అన్న సగటును కూడా అలాగే సర్దుకోవాలి. పండుగ నెలలో అది నలభై కావచ్చు, ఆ మరుసటి నెలలో ఆరు కావచ్చు. పండుగ నెల మిగులును ఆ బలహీనమైన నెలల కోసం విడిగా దాచడం హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) చెప్పిన వెన్నుల నిల్వ వంటిదే.

అరువు ఇవ్వడం, అప్పు తేవడం

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు నమాజు గురించినది కాదు, ఉపవాసం గురించినది కాదు. సూరయె బఖరాలోని 282వ ఆయతు అది. అప్పు లావాదేవీని గడువుతో సహా రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఆదేశించే ఆయతు. మద్రసాలో ఆ భాగం బోధించే ప్రతిసారీ, ఊరిలోని మన దుకాణాలలో అరువు ఇంకా నోటిమాటగానే ఎందుకు నడుస్తోందన్న ప్రశ్న నా మనసులో మెదలుతుంది. రాసుకోవడం అపనమ్మకం అనుకుంటాం. నిజానికి రాతే స్నేహాన్ని కాపాడుతుంది.

అరువుకు కూడా ఒక లక్ష్యం ఉండాలి. నెల అమ్మకంలో పదో వంతు కంటే ఎక్కువ సొమ్ము బయట ఉండకూడదని నియమం పెట్టుకోవచ్చు. మన ఉదాహరణలోని దుకాణానికి అది 18,000 అవుతుంది. ఆ హద్దు చేరిన రోజు, పాతబాకీలో కొంత వచ్చేవరకు కొత్త అరువు ఆగాలి. నిజంగా కష్టంలో ఉన్న బాకీదారుకు గడువు పెంచమని, మాఫీ చేయగలిగితే ఇంకా మేలని 280వ ఆయతు బోధిస్తుంది. ఏ బాకీని వదులుకోగలమో తెలియాలన్నా మొదట ఆ బాకీ పుస్తకంలో ఉండాలి.

ఇతరులకు సరుకు తయారుచేసి ఇచ్చే దర్జీలు, జరీ పనివారు, గాజుల పనివారు మరొక సంగతి తెలుసుకోవాలి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు గాని సేవ గాని తీసుకున్నవారు ఒప్పందం లేకపోతే 15 రోజులలో, ఒప్పందం ఉంటే అందులోని గడువు లోపల చెల్లించాలి. ఆ గడువు సైతం 45 రోజులు మించకూడదు. దీనికి ఉద్యమ్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. ఆ నమోదుకు రుసుము లేదు. ‘ఈద్ తరువాత చూద్దాం’ అంటూ ఆరు నెలలు తిప్పే పెద్ద దుకాణదారుని ముందు ఈ గడువును గుర్తుచేయడం మీ హక్కు.

ఇక అప్పు తేవడం. రమజాన్‌కు ముందు సరుకు కోసం రోజువారీ వసూలు ఫైనాన్సు తీసుకునేవారిని ప్రతి ఊరిలో చూస్తున్నాం. పదివేలు అని చెప్పి 8,500 చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారనుకుందాం. 1,500 పెద్ద సొమ్ముగా కనిపించదు. కాని రోజూ కడుతూనే ఉంటాం కనుక సగటున మన దగ్గర ఉండే అసలు అందులో సగమే. ఏడాదికి లెక్కకడితే ఆ వడ్డీ నూటికి నూరు దాటిపోతుంది. నూటికి ఇరవై అయిదు మిగిలే దుకాణం ఈ భారాన్ని మోయలేదు. వడ్డీ హరామ్ అన్న తీర్పు మనకు మొదటి నుంచీ తెలుసు. అది ఇంటిని ఎలా తినివేస్తుందో కాగితం మీద లెక్క వేసినప్పుడు కంటికి కనిపిస్తుంది.

దీనికి ప్రత్యామ్నాయం పండుగ దగ్గరపడ్డాక దొరకదు. షవ్వాల్‌లోనే వెతుక్కోవాలి. వచ్చే రమజాన్ సరుకుకు ఎంత పెట్టుబడి కావాలో నిర్ణయించి, దానిలో ఎంత భాగం సొంతంగా కూడబెట్టగలమో, ఎంత భాగం లాభనష్టాల భాగస్వామ్యంపై బంధుమిత్రుల నుంచి తీసుకోగలమో అప్పుడే మాట్లాడుకోవాలి. మొదటి సంవత్సరం నాలుగో వంతే సొంత సొమ్ముతో కొనగలిగినా అది విజయమే. తక్కువ సరుకుతో పండుగ చేసుకోవడం అవమానం కాదు.

జకాత్ లెక్కే ఏటి లెక్క

అయిదవ మెట్టు తిరిగి వచ్చి చూపడం. ఆ అన్సారీ పది దిర్హమ్‌లతో వచ్చి నిలబడ్డాడు. మనకు ఆ రోజు ఏది?

ప్రతి విశ్వాసి అయిన వర్తకునికి షరీఅత్ ఆ రోజును నిర్ణయించే ఉంచింది. అది జకాత్ దినం. తన సంపద నిసాబ్ హద్దును, అంటే మన ఉలమాలు చెప్పే లెక్కలో 612.36 గ్రాముల వెండి విలువను, చేరి హిజ్రీ సంవత్సరం గడిచినవాడు ఆ రోజున తన దుకాణంలోని అమ్మకపు సరుకునంతా ఎదుట పెట్టుకొని విలువ కట్టాలి. అరలు, కుట్టుమిషన్లు, తూకపు యంత్రం లెక్కలోకి రావు. సరుకును ఆనాటి అమ్మకపు ధరకు లెక్కించాలి. నగదు, వస్తాయని నమ్మకమున్న బాకీలు కలపాలి. ఆ ఏడాది తీర్చవలసిన అప్పులు తీసివేయాలి. మిగిలినదానిలో నలభయ్యో వంతు జకాత్. అప్పుల మినహాయింపులో ఉన్న వివరాలు మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

మన ఉదాహరణలోని దుకాణంలో 3,00,000 విలువైన సరుకు, 40,000 నగదు, 18,000 బాకీలు ఉన్నాయనుకుందాం, మొత్తం 3,58,000. టోకు వ్యాపారికి 38,000, బావమరిదికి 60,000 ఇవ్వాలి, కలిపి 98,000. మిగిలినది 2,60,000. దానిపై జకాత్ 6,500.

ఏ చార్టర్డ్ అకౌంటెంటు అవసరం లేకుండా, దుకాణం నిజమైన స్థితి ఈ ఒక్క అంకెలో తేలిపోయింది. అమ్మకం ఎంతైనా కానివ్వండి, ఈ అంకె పెరిగితేనే దుకాణం పెరిగింది. అంచనాగా ‘ఇంత ఇచ్చేద్దాం’ అని చేతికందిన సొమ్ము పంచేవారు ఒక ఫర్జ్‌ను సందేహంలో పెట్టడమే గాక, తమ వ్యాపారం గురించి ఏడాదికొకసారి దొరికే సత్యాన్ని కూడా పోగొట్టుకుంటున్నారు.

కనుక నా మనవి ఇది. మీ దుకాణపు లక్ష్యాన్ని జకాత్ అంకెలోనే రాసుకోండి. ‘ఈ రమజాన్‌లో 6,500 ఇచ్చాను, వచ్చే రమజాన్‌కు ఇన్షా అల్లాహ్ 8,000 ఇచ్చే స్థితికి రావాలి.’ పెరిగినది 1,500 మాత్రమే. కాని నలభై రెట్లు చేసి చూడండి, 60,000 అవుతుంది. బావమరిది అప్పు సరిగ్గా అంతే! నెలకు 5,000 చొప్పున ఆ అప్పు తీర్చి, సరుకు, నగదు తరగకుండా నిలబెట్టగలిగితే ఆ 8,000 దానంతటదే వచ్చి చేరుతుంది. ఎక్కువ ఇవ్వగలగడం లక్ష్యమైనప్పుడు తూకంలో మోసం, అబద్ధపు ఒట్టు, పనివాడి జీతం ఎగవేత ఆ లక్ష్యానికి దారి కాజాలవు. హరామ్ సొమ్ముతో జకాత్ అంకెను పెంచుకోవాలని ఏ విశ్వాసీ కోరుకోడు.

ఒక పుట చాలు

ఈ విషయమంతా ఒక నోటుపుస్తకంలోని ఒక పుటలో ఇముడుతుంది. మొదటి వరుసలో ఇంటికి నెలకు కావలసినది రాయండి. రెండవ వరుసలో దుకాణం ఖర్చు, మూడవ వరుసలో నెలకు తీర్చవలసిన అప్పు, నాలుగవ వరుసలో జకాత్, ఆపద్ధనం. అయిదవ వరుసలో ఆ మొత్తం మిగలడానికి రోజుకు ఎంత అమ్మాలో, ఎంతమంది రావాలో రాయండి. పుట అడుగున హిజ్రీ తేదీ వేసి, వచ్చే ఏటి జకాత్ అంకె రాసి, ‘ఇన్షా అల్లాహ్’ అని ముగించండి.

ఈ లెక్క రాసేటప్పుడు మీ శ్రీమతిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంటికి ఎంత కావాలో ఆమెకు తెలిసినంతగా మీకు తెలియదు. దుకాణం ఎంత ఇవ్వగలదో ఆమెకు తెలిస్తే, ఇవ్వలేనిది ఆమె అడగదు. చదువుకునే బిడ్డ ఉంటే రోజువారీ లెక్క ఆ బిడ్డచేత రాయించండి. తండ్రి కష్టం ఎంతో అంకెలలో చూసిన పిల్లలు ఫీజు రూపాయి విలువ తెలుసుకుంటారు. ప్రతి పదిహేను రోజులకు ఒకసారి ఆ పుట తెరిచి చూడండి. అనుకున్నది జరగకపోతే కారణమేమిటో రాసుకొని అంకెను సరిదిద్దండి. ఉపాధి ప్రదాత అల్లాహ్ మాత్రమే. మనం ఇవ్వవలసినది శ్రమకు, నిజాయితీకి, లెక్కకు సంబంధించిన జవాబు.

అల్లాహ్ మన సంపాదనను హలాల్ గాను, మన ఖాతాలను స్వచ్ఛంగాను ఉంచి, పుచ్చుకునే చేయిగా గాక ఇచ్చే చేయిగా మనలను నిలుపుగాక! ఆమీన్.